నాలుగో వైపు ఖాళీ

నేను ఒక బల్లను. కాలవగట్టున ఉన్న పురపాలక పార్కులో, జనం చుట్టూ కూర్చుని తినడానికి పోసిన సిమెంటు బల్లను. నాకు మూడు వైపులా బెంచీలున్నాయి. నాలుగో వైపు లేదు. నా బతుకులో భయమంతా ఆ లేని బెంచీ గురించే.

నన్ను గీసినావిడ సుభాషిణి గారు, పురపాలక ఆఫీసులో ఇంజినీరు. బొమ్మ గీసే ముందు ఆవిడ పార్కులో పాత బెంచీలన్నీ చూసుకుంటూ తిరిగారు. చెక్కవాటిని చెదలు తినేశాయి. ఇనపవి కొన్ని తుప్పు పట్టాయి, కొన్ని పాతసామాన్ల కొట్టుకు నడిచి వెళ్ళిపోయాయి. అందుకని నన్ను సిమెంటుతో పోయించాలనుకున్నారు. తర్వాత ఒక చక్రాల కుర్చీ తెప్పించి, అందులో తనే కూర్చుని, కొయ్యతో చేసిన నమూనా కిందికి మోకాళ్ళు దూర్చి చూశారు. మోకాలు కొట్టుకుంది. ఎత్తు పెంచారు. కుర్చీ దూరే వైపు పలకను కాస్త ముందుకు సాగదీసి, నా కాలును వెనక్కి జరిపారు. కొంగులు పట్టుకోకుండా అంచులన్నీ గుండ్రంగా తీయించారు.

నన్ను పోసిన మేస్త్రీ గంగరాజు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేడం గారండీ, ఇటేపు బెంచీ గీయడం మర్చిపోయారు. పర్లేదండి, మిగిలిన సిమెంటు మాలుతో నేనేసేత్తాను."

"వెయ్యకండి గంగరాజు గారూ. మర్చిపోలేదు, వదిలాను."

అతను తలూపాడు గానీ నమ్మినట్టు లేదు. తడి గోనెపట్టల కింద ఆరుతున్నన్నాళ్ళూ నాకు రెండు దిగుళ్ళు: ఎక్కడ బీట పడతానో అని ఒకటి, అతను ఎప్పుడు మనసు మార్చుకుని మిగిలిన మాలు తెస్తాడో అని ఇంకొకటి. రెండూ జరగలేదు. గేటు నుంచి నా దాకా ఎత్తుపల్లాలు లేని బాట వేసి, నన్ను తెచ్చి నిలబెట్టారు. ఆ తర్వాత కొద్దిరోజులకే సుభాషిణి గారికి వేరే ఊరికి బదిలీ అయింది. ఖాళీ ఎందుకో తెలిసిన మనిషి ఆవిడొక్కరే. నాకు నోరు లేదు.

పొద్దున్నే నడకకు వచ్చే పెద్దమనుషులు నా మీద చేతికర్రలు ఆనించి నా సంగతే మాట్లాడుకునేవారు.

"నాలుగో బెంచీ కాంట్రాక్టరు తినేశాడండి."

"సిమెంటు తిన్నాడా? అరుగుతాదంటారా?"

వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. మనుషులు లోటని అనుకున్నదాన్ని ఎన్నాళ్ళు అలాగే ఉండనిస్తారు?

ఒక ఆదివారం సాయంత్రం హేమలత వచ్చింది. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయట. ఇంటి దగ్గర పిల్లలకు లెక్కలు చెబుతుంది. వెనక నుంచి చక్రాల కుర్చీ తోస్తున్నది ఆమె వదిన మంగతాయారు.

"నెలాఖరుకి నా జీతం ఇయ్యవే హేమా. నీ బండికి డ్రైవర్ని కదా."

"ఇస్తాను వదినా. ముందు లైసెన్సు చూపించు."

కుర్చీ తిన్నగా నా ఖాళీలోకి వచ్చింది. మోకాళ్ళు నా కిందికి దూరాయి. ఎక్కడా తగల్లేదు. హేమలత రెండు మోచేతులూ నా మీద పెట్టి, కళ్ళు మూసుకుంది.

"ఏమైందే?" అంది వదిన కంగారుగా.

"ఏం లేదు. ఆనుకున్నాను, అంతే."

పెళ్ళిళ్ళలో ఆమెను గాలి తగిలేచోట, అరుగు మీద విడిగా కూర్చోబెట్టి, విస్తరి ఒళ్ళో పెడతారట. అందరూ ప్రేమగానే పెడతారట. చీర మీద ఒలుకుతుందని ఆమె చారూ పులుసూ వద్దంటుందట. ఇదంతా వాళ్ళ మాటల్లో విన్నాను. "కార్తీకంలో మన వీధివాళ్ళ వనభోజనాలు ఇక్కడేనంట. ఈసారి నువ్వు ఇక్కడే, మా అందరి వరసలో," అంది మంగతాయారు. హేమలత వెళ్ళేముందు నా అంచును ఒకసారి చేత్తో తడిమింది.

అప్పటిదాకా నా గురించే భయపడ్డాను. ఆ రోజు నుంచి ఆమె గురించి.

ఆ వారంలోనే వీర్రాజు గారు నన్ను చుట్టూ తిరిగి చూశారు. బియ్యం మిల్లు యజమాని, మంచివాడు. దానం చేయందే ఆయనకు నిద్ర పట్టదు, పేరు వేయించందే దానం చేసినట్టు ఉండదు.

"అదేంటండీ బాబూ, పన్నూడిన నోరులాగ అలా వదిలేశారు. మా నాన్నగారి పేరున గ్రానైటు బెంచీ నేనేయించేత్తాను లెండి."

ఆఫీసులో ఎవరూ కాదనలేదు. దాత ముందుకు వస్తే కాదనేదెవరు? ప్రతి బండి చప్పుడుకూ ఆ బెంచీ వచ్చేసిందేమోనని ఉలిక్కిపడేదాన్ని. కాలవగట్టు మీద ఇసక ట్రాక్టరు వెళ్ళినా అదేననుకునేదాన్ని.

వనభోజనాలకు ఇంకో వారం ఉండగా అది వచ్చింది. నున్నటి నల్లరాయి, వెనక వైపు 'కీ.శే. చిక్కాల సూరన్న గారి జ్ఞాపకార్థం' అని చెక్కిన అక్షరాలు. గంగరాజే మళ్ళీ వచ్చాడు, వెంట వీర్రాజు గారు. నా ఖాళీలో సుద్దతో గీతలు గీసి, గునపం తేవడానికి బండి దగ్గరికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే మంగతాయారు కుర్చీ తోసుకుంటూ వచ్చింది. హేమలత ఆ గీతలను చూసింది. నిలబెట్టి ఉన్న రాతిని చూసింది. "లోపలికి తొయ్యి వదినా," అంది. చక్రాలు గీతల మీద ఆగాయి.

"అమ్మా, కాస్త పక్కకి జరగండి. బెంచీ ఏత్తున్నాం," అన్నారు వీర్రాజు గారు మర్యాదగానే. "పనయ్యాక కూర్చుందురు గాని."

"అయ్యాక ఎక్కడ కూర్చోనండి?"

"దీనిమీదేనమ్మా. గ్రానైటు, చల్లగా ఉంటాది."

హేమలత తన కుర్చీ చేతిని తట్టింది. "నా బెంచీ నేను తెచ్చుకున్నానండి."

వీర్రాజు గారు ఆ కుర్చీని, నా కిందికి దూరిన ఆమె మోకాళ్ళను, సుద్దగీతలను వరసగా చూశారు. ఆయన మొహం మెల్లగా మారింది. అయినా వెనక్కి తగ్గడం ఆయనకు కష్టంగానే ఉంది.

"నాన్నగారి సంవత్సరీకానికి చుట్టాలంతా వత్తారమ్మా. ఈ బల్ల దగ్గర ఆయన పేరుంటాదని అందరికీ చెప్పేశాను."

"పేరే కదండీ కావాలి?" అంది మంగతాయారు. "ఖాళీకే రాయించెయ్యండి. ఊళ్ళో బెంచీలకీ, ఫ్యాన్లకీ, కుళాయిలకీ పేర్లేయించినోళ్ళు చాలామందున్నారు. ఖాళీ ఇచ్చినోళ్ళు ఇంకా లేరు."

గునపంతో తిరిగొచ్చిన గంగరాజు నవ్వాడు. ఆమె ఎగతాళికే అంది. వీర్రాజు గారు మాత్రం నవ్వలేదు. గడ్డం నిమురుకుంటూ, "ఇంకా ఎవరూ ఇయ్యలేదంటారా?" అన్నారు.

నల్ల బెంచీ వేపచెట్టు కిందికి వెళ్ళింది. మర్నాడు నా అంచుకు బెజ్జాలు వేసి ఒక పలక బిగించారు. బీట పడతానని వణికిపోయాను. పడలేదు. 'చక్రాల కుర్చీలో వచ్చేవారి కొరకు ఈ ఖాళీ స్థలము. కీ.శే. చిక్కాల సూరన్న గారి జ్ఞాపకార్థం.' సుభాషిణి గారు ఇచ్చిన ఖాళీని వీర్రాజు గారు మళ్ళీ ఇచ్చారు. ఇప్పుడది మరింత గట్టిగా ఉంది.

అయినా వనభోజనాల పొద్దున నాకు నెమ్మది లేదు. వీధి వీధంతా దిగింది. గిన్నెలు, గంపలు, జంపఖానాలు. వచ్చీరాగానే ఎవరో నీళ్ళడ్రమ్ము తెచ్చి నా ఖాళీలో దించేశారు. దాని పక్కన చెప్పులు విడిచారు. ఆకులు వేస్తున్నారు. హేమలత జాడ లేదు. వచ్చి చూసి, ఏమీ అనకుండా అరుగు వెతుక్కుంటుందేమో.

అప్పుడొక ముసలావిడ పలక మీదికి వంగి, వేలు పెట్టి అక్షరాలన్నీ చదివింది. చదివి, "ఒరేయ్, ఈ డ్రమ్మెవడిది? ఇక్కడ పెద్దాయన పేరుంది, తియ్యండి," అంది. ఖాళీ ఎవరి కోసమో ఆవిడ పట్టించుకుందో లేదో నాకు తెలియదు. పేరును చూసి భయపడింది. నాకు అది చాలు.

డ్రమ్ము కదిలింది. చెప్పులు కదిలాయి. కాసేపటికి బాట మీద చక్రాల చప్పుడు వినిపించింది.

వడ్డించే కుర్రాడు ఒక వైపు నుంచి మొదలుపెట్టి నా చుట్టూ వచ్చాడు. హేమలత దగ్గర ఆగలేదు, జాలిగా వంగలేదు, ఏం కావాలమ్మా అని విడిగా అడగలేదు. వరసలో ఆమె ఆకు వచ్చింది, వడ్డించి ముందుకు వెళ్ళాడు. ఆమె అది గమనించింది. తల వంచుకుని అన్నం కలుపుకుంది.

తినడం అయిపోయాక కూడా చుట్టూ ఎవరూ లేవలేదు. కబుర్లు సాగాయి.

"చెయ్యి ఎండిపోతుందే హేమా. పద, కడుక్కుందాం," అంది మంగతాయారు.

"ఎండనీ వదినా," అంది హేమలత.