అక్క మోకాలు

ఆ సాయంత్రం లోపు ఆస్పత్రికి మాట చెప్పాల్సి ఉంది. నా కుడి మోకాలు లోపలివైపు అరిగిపోయింది. అరిగిన సగం తీసేసి, ఆ చోట లోహం, ప్లాస్టిక్ పెడతామన్నారు. నాకు నలభై దాటి ఏడాది కూడా కాలేదు. డాక్టరు ఏమీ దాచలేదు. పదేళ్ల తర్వాత కూడా బాగా పనిచేసే అవకాశం ఎక్కువ అన్నాడు. అయితే ఇంత చిన్న వయసులో పెట్టించుకుంటే, ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ కోసి మార్చాల్సి వచ్చే అవకాశం కూడా పెద్దవాళ్లకంటే ఎక్కువే అన్నాడు. నాకు రెండో ముక్కే వినబడింది.

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఆమెకి ఇదే ఆపరేషన్ దాదాపు నా వయసులోనే అయింది. మా ఇద్దరిదీ ఒకటే పని, నాటకాల హాల్లో లైట్లు. వేదిక పైన ఇనుప గొట్టాలకి లైట్లు బిగించాలి, ఆటకి తగ్గట్టు వాటి ముఖాలు తిప్పాలి. బతుకంతా నిచ్చెన మీదే. ఆపరేషన్ అయ్యాక అక్క కింద స్విచ్‌బోర్డు ముందు కూర్చుంది. నిచ్చెన నాకొచ్చింది. కాలెలా ఉందని ఎవరడిగినా భేషుగ్గా ఉందనేది.

నేను నమ్మలేదు. వారం రోజులుగా దొంగని కనిపెట్టినట్టు ఆమెని కనిపెడుతూ ఉన్నాను. మెట్లు దిగాలంటే అందర్నీ ముందు పోనిచ్చి చివర్న దిగేది, రెయిలింగ్ వదిలేది కాదు. పెన్ను కింద పడితే ఎవరో ఒకరు తీసిచ్చేదాకా దానికేసి చూస్తూ నిలబడేది. నొప్పి లేని మనిషి ఇలా ఉంటుందా? నన్ను భయపెట్టడం ఇష్టంలేక అబద్ధమాడుతోందనుకున్నాను. అసలు సంగతి, ఆమెకి నొప్పి ఉండాలని నేను కోరుకుంటున్నాను. ఉంటే ఆపరేషన్ తప్పించుకోవచ్చు. అది ఎంత పాడు కోరికో తెలిసి కూడా ఆగలేకపోయాను.

మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉంది. నడిమి లైటు పక్కకి తిరిగిపోయి ఉంది. నిచ్చెన వేసి, నా కాలు పట్టేసిందన్నాను.

"నువ్వెక్కు అక్కా."

రేపు చూసుకుందాంలే అంది. నొప్పయితే నొప్పని ఒప్పుకో, నాటకాలాడటానికి వేదిక మీద వేరేవాళ్లున్నారు అన్నాను. ఆమె మొహం బిగుసుకుపోయింది. నిచ్చెన దగ్గరికొచ్చింది.

నిచ్చెన పట్టుకుని ఆమె మోకాలినే చూస్తూ నిలబడ్డాను. వంగింది, బరువు మోసింది, నిటారైంది. ఎక్కడా తొట్రుపాటు లేదు. సగం ఎత్తులో ఆగిపోయింది. దొరికావు అనుకున్నాను. తీరా చూస్తే వణుకుతున్నది కాలు కాదు, చేతులు.

"నొప్పా?"

"లేదురా."

"నిజం చెప్పు."

"మొదటి ఏడాది దాటాక ఒక్కరోజు కూడా లేదు."

"మరి ఇన్నేళ్లూ ఎందుకెక్కలేదు?"

పై మెట్టుని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"అరిగిపోతుందని."

మళ్లీ కోస్తారేమోనని ప్రతి అడుగూ ఆలోచించి వేసిందట. పోయిన నెల ఎక్స్‌రే తీసినప్పుడు డాక్టరు నవ్వి, నిన్న పెట్టినట్టుంది, దీన్ని అసలు వాడుతున్నారా అన్నాడట. కొత్త చెప్పులు అరిగిపోతాయని చేత్తో పట్టుకుని నడిచినట్టుంది నా సంగతి, అంది నిచ్చెన మెట్టుకి నుదురానించి.

ఒళ్లు మండింది. ఆమె ఎక్కకుండా దాచుకున్న మెట్లన్నీ నేనే ఎక్కి నా మోకాలు అరగ్గొట్టుకున్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఎందుకంటే ఆపరేషన్ ఇంకా కాకముందే నేను కూడా వారంనుంచి లెక్కలు వేసుకుంటున్నాను, ఏ పని మానేస్తే కొత్త మోకాలు ఎన్నాళ్లొస్తుందని.

జేబులో ఫోన్ మోగింది. ఇంకెవరు, ఆస్పత్రివాళ్లే. నా రెండు చేతులూ నిచ్చెన మీదున్నాయి.

దిగమన్నాను. ఆమె దిగలేదు. ఒక్కో మెట్టే పైకి పోయింది, చివరిదాకా. లైటు మర వదులు చేస్తున్న కిర్రుమనే చప్పుడు వినబడింది.

"ఫోన్ తియ్యరా," అంది పైనుంచి. "నిచ్చెనకి నీ చెయ్యి ఒకటి చాలు."

ఎడమచేత్తో నిచ్చెనని నేలకి అదిమి పట్టుకుని ఫోన్ చెవిలో పెట్టుకున్నాను. అవతలి అమ్మాయి పేరడిగింది, పుట్టినతేదీ అడిగింది. తేదీ ఖాయం చెయ్యమంటారా అంది. పైన అక్క ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంది. నిచ్చెన నా అరచేతిలో కదిలింది.

చెయ్యమన్నాను.

అక్క మాత్రం ఒక్కో మెట్టూ ఆలోచించుకుంటూ చాలాసేపటికి దిగింది.