ఏడు జేబుల పెగ్గీ

ఎడ్మండ్‌సన్ పార్క్ తెలుగు సంఘంలో ఆరేళ్ళుగా ఏ పండగొచ్చినా సమోసాలు వేయించేది కాంత. అరవై మూడేళ్ళ మనిషి. ఆవిడ పూర్వీకులు చెరకు తోటల పనికి ఓడెక్కి ఫిజీ వెళ్ళారు. ఆవిడ పాతకాలపు తెలుగు వింటే పిల్లలు కిసుక్కుమంటారు, పెద్దలు మర్యాదగా ఇంగ్లీషులోకి దిగిపోతారు. ఫిజీలోని లబాసా ఊళ్ళో తాత పక్కన చిడతలు పట్టి హరికథ నేర్చుకున్న మనిషిని పట్టుకుని "ఆంటీ, మీకు తెలుగొచ్చా?" అంటే ఒళ్ళు మండదూ!

ఈ ఉగాదికి హరికథ చెప్పాల్సిన భాగవతారుగారి విమానం రద్దయింది. కాంత చేతికంటిన పిండి కడుక్కుని కార్యదర్శి పాండురంగ ముందు నిలబడింది.

"నేను చెప్తాను బాబూ. ఏడు జేబుల పెగ్గీ కథ."

"ఎవరాంటీ ఆవిడ?"

"లండన్ దొంగ. రెండొందల యాభై ఏళ్ళ కిందటిది. పావడాలో ఏడు జేబులు కుట్టుకుని సంతలు దోచిన ఆడది."

పాండురంగ తెల్లమొహం వేశాడు. "పండగ పూట దొంగ కథేంటండీ? చివర్లో ఉరి కూడా ఉంటుందేమో!"

"ఉరి తీశారనే అంటారు."

"అమ్మో! హరికథన్నాక మంగళంతో ముగియాలి కదా. మనవాళ్ళు ఊరుకోరు. సరే, టెన్ మినిట్స్ ఇస్తా. అది దాటితే మైక్ కట్."

ఇవాళ తేలిపోతే ఇక బతికున్నంత కాలం ఆ మూకుడు దగ్గరే. ఆ సంగతి కాంతకు బాగా తెలుసు.

"ఫిజీ నుంచి వచ్చిన కాంత ఆంటీ," అని ప్రకటించాడు పాండురంగ. సగం హాలు ఫోన్లలో ఉంది. ఆవిడ చిడతలు మోగించి తిన్నగా వేదిక దిగి జనంలోకి నడిచింది.

"పట్టు పావడా కట్టి పెగ్గీ సంతకొచ్చెనయ్యా!
చూపులన్నీ మోము మీదే, చేతులెక్కడయ్యా!"

సంతలో పెగ్గీ అందరినీ పలకరించినట్టే ఆవిడా హాల్లో కూర్చున్నవాళ్ళని పలకరించింది. సంజయ్ భుజం తట్టింది. సింధుజ గడ్డం పుణికింది. విద్యావతిగారి చేతులు రెండూ పట్టుకుని క్షేమం అడిగింది. తలుపు దగ్గర నిలబడ్డ పాండురంగను "పోలీసయ్యా!" అంటూ కావలించుకుంది. జనం నవ్వారు. ఫోన్లు ఒక్కొక్కటే కిందికి దిగాయి. పెగ్గీ దొరికిపోయింది, కోర్టుకెక్కింది, ఉరిశిక్ష పడింది.

పాండురంగ కంగారుపడి, టైమ్ అయిపోయిందని చెయ్యెత్తి మణికట్టు మీద వేలితో కొట్టి చూపించాడు. వేలు ఉత్త చర్మానికి తగిలింది. వాచీ లేదు!

హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులోనే సంజయ్ జేబులు తడుముకున్నాడు. విద్యావతిగారు కళ్ళజోడు కోసం వెతుక్కున్నారు. కాంత ముప్పై ఏళ్ళు వృద్ధాశ్రమంలో నర్సుగా చేసింది. నిద్రపోతున్న పెద్దవాళ్ళ వాచీలు, కళ్ళజోళ్ళు వాళ్ళ నిద్ర చెడకుండా తీసి పక్కన పెట్టిన చేతులవి.

"జడ్జిగారు సంతకం పెడదామని చూస్తే బల్ల మీద కలం లేదు!" అంది కాంత. "ఎవరు కొట్టేశారో వేరే చెప్పాలా? కలం దొరికేలోగా ఆయన కోపం చల్లారింది. పొమ్మని, ఖైదీల్ని ఈ దేశానికి తోలే ఓడెక్కించాడు. ఓడెక్కి ఎక్కడెక్కడికో పోయినవాళ్ళందరూ చల్లగా ఉండాలి. మంగళం!"

ఆ మాట అంటుంటే ఆవిడకు తన ముత్తాత ఓడ గుర్తొచ్చింది.

హరికథ చివర హారతి పళ్ళెం తిరుగుతుంది, జనం అందులో చిల్లర వేస్తారు. కాంత తిప్పిన పళ్ళెం మాత్రం నిండుగా వచ్చింది. కర్పూరం చుట్టూ వాచీ, కారు తాళాలు, కళ్ళజోడు, సింధుజ జడక్లిప్పు. ఎవరిది వాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకున్నారు.

"వన్స్ మోర్!" అని అరిచింది స్పందన అనే చిన్నపిల్ల. చప్పట్లు ఆగలేదు.

పళ్ళెంలో చివరికి ఒక మడత కాగితం మిగిలింది. అదీ పాండురంగ జేబులోదే, వచ్చే దసరా పనుల జాబితా. విప్పాడు. మొదటి వరుసలోనే ఉంది: కాంత ఆంటీ, సమోసాలు.

అతని మొహం ఎర్రబడింది. పెన్ను కోసం జేబు తడుముకున్నాడు. కాంత కొంగు ముడి విప్పి అతని పెన్ను అతని చేతిలో పెట్టింది.

పాండురంగ సమోసాలు కొట్టేసి, పక్కన పెద్ద అక్షరాలతో రాశాడు: హరికథ, గంటసేపు. మైకు అందుకున్నాడు.

"మన కాంత ఆంటీ!" అన్నాడు.