గేటు దగ్గర స్టూలు

సాయంత్రం ఐదింటికి కాశీబుగ్గలోని ఆ జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దగ్గర సింహాచలమ్మను స్టూలెక్కించారు. మెడలో అట్టముక్క. దాని మీద ‘నేను పప్పు దొంగని’ అని రాయించినవాడు సూపర్‌వైజర్ సూర్యారావు. తనిఖీలో ఆమె కొంగుముడిలో గుప్పెడు పప్పు దొరికిందట. దొంగతనం చెయ్యలేదని ఆమె మొత్తుకున్నా ఎవరూ వినలేదు. సాక్ష్యంగా దాన్ని ఒక పళ్లెంలో పోసి ఆమె కాళ్ల దగ్గరే పెట్టారు.

ఈ శిక్ష సూర్యారావు బుర్రలో పుట్టిందే. పోలీసులొద్దు, పెద్దమనుషులొద్దు. పనివాళ్లంతా వరసలో వచ్చి ఆమెను వీడియో తియ్యాలి, స్టేటస్ పెట్టి అతనికి చూపించాలి. చూపించకపోతే రేపు పని లేదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అంటారు. సిగ్గు కూడా అంతే కాబోలు, నూట ఇరవై మంది పంచుకునేసరికి ఎవరికీ అంటలేదు. మొహం సరిగ్గా పడటం లేదు, కాస్త తలెత్తమని ఒకామె అడిగింది కూడా. ఏం మనుషులు!

దేవి వంతు వచ్చింది. పదకొండేళ్లుగా సింహాచలమ్మ పక్కన కూర్చుని పప్పు పొట్టు తీస్తున్న మనిషి. పని పోతుందన్న భయంతో ఫోనెత్తింది. మొహం తియ్యడానికి మనసొప్పక పళ్లెం వైపు తిప్పింది.

అప్పుడు కనబడింది. ఫ్యాక్టరీలో జీడిపిక్కల్ని ఆవిరి మీద ఉడికిస్తారు, లోపలి పప్పు తెల్లగా ఉంటుంది. పళ్లెంలోవి అంచులు మాడిన పప్పులు. ఇంటి దగ్గర నిప్పుల్లో కాల్చి కొట్టినవి. నందిగాంలో సింహాచలమ్మకు నాలుగు జీడిచెట్లున్నాయని అందరికీ తెలుసు. దేవికి ఒళ్లు మండింది. ఏది గుండు పప్పో, ఏది విరిగిన బద్దో కళ్లు మూసుకుని చెప్పగల జనం ఆ పళ్లెం ముందు నుంచే నడిచి వెళ్లారు. తనూ అదే వరసలో నిలబడింది.

“ఇవి మన పప్పు కాదు బావూ. ఇంట్లో కాల్సినవి. వాసన సూడండి,” అంది సూర్యారావుతో.

అతను ఒక పప్పు విరిచి వాసన చూశాడు. తప్పైందన్న మాట నోట రాలేదు. సరేలే, దిగి రేపు పనిలోకి రమ్మన్నాడు, అక్కడికి తనేదో దయ చూపించినట్టు.

వరసలో ఇంకా నలభై మంది ఉన్నారు. రేపటి పని బెంగ వాళ్లది.

“మావింకా తియ్యనేదు. ఓ నిమిషం అలాగే ఉండమను,” అన్నారెవరో వెనక నుంచి.

సింహాచలమ్మ మెడలోని అట్ట తీసి పారేసి స్టూలు దిగింది. దేవి వెళ్లి చెయ్యి పట్టుకోబోయింది. ఆమె పట్టుకోనివ్వలేదు.

“పప్పును సూసి సెప్పినావు. పదకొండేళ్లు పక్కనే కూకున్నావు. నన్ను సూసి ఎందుకు సెప్పనేకపోనావే?”

వెనక నలభై మందీ ఆ మాటను కూడా వీడియో తీసుకున్నారు.