బేరింగులోకి పోయిన నీళ్లు

పోచన్న చనిపోయి ఎనిమిది నెలలైంది. సిరొంచ బజారు చివర అతని కారం పట్టే గిర్నికి అప్పటినుంచీ తాళమే. అయినా మధ్యాహ్నం వీధి సద్దుమణిగే వేళకు లోపల షాఫ్టు తిరుగుతున్నట్టు, ఎవరో ఇసుక నములుతున్నట్టు, అతని భార్య ముత్తక్కకు కరకర వినిపించేది. తాళం తీసి చూస్తే ఏమీ కదలదు. మిర్చి ఘాటు మాత్రం ఇప్పుడే పట్టినంత కొత్తగా గొంతులో తగిలేది.

చనిపోయిన రోజు పోచన్న కారం పడుతుండగా బేరింగు పట్టేసింది. షాఫ్టు విరిగి, దాని కొసనున్న ఇనుప చక్రం ఎగిరొచ్చి పోచన్న ఛాతీకి తగిలింది. అహేరి దవాఖాన చేరేలోపే ప్రాణం పోయింది.

ఆ బేరింగు బిగించింది పోచన్న తమ్ముడు శంకరన్న. చుట్టుపక్కల గిర్నీలన్నిటికీ అతడే మిస్త్రీ. అన్న చావు తర్వాత పానా ముట్టలేదు. పెర్మిలి ఊరి గిర్ని బాగుచేయమని మనుషులొచ్చి పిలిచినా, "నా చేతుల్ల సావున్నది, నన్ను పిలువకుండ్రి" అని పంపించేసేవాడు. ఇప్పుడు అన్నం కూడా సరిగ్గా తినడం లేదని అతని భార్య అరుణశ్రీ వచ్చి ఏడ్చింది.

ఆ మాట విన్నప్పటినుంచి ముత్తక్కకు చప్పుడు పొద్దంతా వినిపించసాగింది. మూడోనాడు శంకరన్నను పిలిపించింది. అతడు గిర్ని గడప బయటే ఆగిపోయాడు.

"ఆ పాత బేరింగు జర సూడు, శంకరా."

"నేను ముట్ట, వదినె."

"ముట్టకు. నేనే ఇప్పుత."

సుత్తితో కొట్టి మూత ఊడదీసింది. లోపలి గ్రీసు పాలు కలిసిన చాయలా తెల్లబారి ఉంది. శంకరన్న తనకు తెలియకుండానే లోపలికొచ్చి, దాన్ని వేలితో తీసి వెలుగులో చూశాడు.

"ఇది బిగింపు తప్పు కాదు. నీళ్లు పోయినయ్. ఎవలు పోసిండ్రు?"

"నేనే."

అతడు తలెత్తాడు.

"కారం పట్టినంక పెండ్లోళ్ల పసుపు పట్టాలె. జల్ది కావాల్నని పైపు పెట్టి కడిగిన. బేరింగుల మీద నీళ్లు పడొద్దు, తడిబట్టతోటి తుడువుమని నువ్వు చెప్పినవ్. మూడు దినాలకు కరకర మొదలైంది. ఏందే ఇది అని మీ అన్న అడిగిండు. నాకు తెల్వదని చెప్పిన."

శంకరన్న గ్రీసు వేలిని చొక్కాకు తుడుచుకుంటూ నేలమీద కూర్చున్నాడు.

"ఇప్పటికీ ఇనవడ్తది నాకు, ఆ చప్పుడు" అంది ముత్తక్క.

"నాకు సుత. మా ఇంట్ల, అన్నం ముందట కూసుంటే." అతడు ఊడిన మూతను పక్కకు నెట్టాడు. "ముందుగాల్నే చెప్తే ఏమైతుండె, వదినె?"

అతడు లేచి వెళ్లిపోయాడు.

వారం తర్వాత కొత్త షాఫ్టు, బేరింగులతో వచ్చాడు. పొడి గానీ నీరు గానీ దూరకుండా రెండు వైపులా సీళ్లు వేసి, పైన రేకు తొడుగు బిగించాడు. ఆమె ఇచ్చిన మంచినీళ్ల చెంబు అలాగే వదిలేసి, పానాల సంచి భుజాన వేసుకుని పెర్మిలి బస్సు ఎక్కాడు.

ముత్తక్క మిషన్ నడపకుండానే తలుపు మూసింది. పోచన్న తల్లి పక్క వాడలోనే ఉంటుంది. బేరింగు మీద నీళ్లు పోసింది తానేనని ఆమెకు కూడా చెప్పాలి. కొంగు సర్దుకుని అటు నడిచింది.