తాళం మేడం

లింబయ్యకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ పొద్దు మరీను. నాటు వేసే ఆడకూలీలను బతిమాలి తెచ్చుకుని మడిలో దించాడో లేదో కరెంటు పోయింది. బోరు ఆగింది, మడిలో నీళ్లు ఇంకిపోతున్నాయి. బురద గట్టిపడితే నాటు పడదు, రేపు పిలిస్తే కూలీలు రారు. భార్య హన్మవ్వను అక్కడే ఉండమని చెప్పి, బండి తీసి నవీపేట దారిలోని సబ్‌స్టేషన్‌కు ఉరికాడు.

లోపల ఆపరేటర్ పరమేశ్వర్ నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు. అతని వెనక స్విచ్చుకు ఎర్ర తాళం వేలాడుతోంది.

"లైన్ మీద భూమన్న పని జేస్తున్నడు, లింబన్నా. చావి ఆయన జేబుల ఉన్నది. ఆయనొచ్చి తీస్తెనే కరెంటు."

"ఫోన్ల అడిగి ఎయ్యరాదు?"

"ఫోన్ మీద ఏసుడు బంద్ అయింది."

ఇంతకుముందు ఈ పీడ లేదు. "అయిపోయింది, వెయ్యి" అని ఎవరు ఫోన్ చేసినా కరెంటు వేసేవారు. పదిమంది రైతులు వచ్చి గదమాయించినా వేసేవారు. కొత్తగా వచ్చిన ఇంజినీరు త్రివేణి ఆ పద్ధతికి మంగళం పాడింది. స్తంభం ఎక్కేవాడే స్విచ్చుకు తన తాళం వేసుకుని తాళంచెవి వెంట తీసుకుపోవాలి. రెండో చెవి ఉండదు. చెప్పి ఊరుకునే మనిషి కూడా కాదామె, చెప్పాపెట్టకుండా వచ్చి తాళం లాగి చూసి మరీ పోతుంది. ఆమెకు తాళం మేడం అని పేరు పెట్టిన ఘనుడు మన లింబయ్యే.

భూమన్నకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

"ఏడనో చాయ్ తాగుకుంట కూసున్నడు!" అని బయటి నుంచి రాయి తెచ్చి తాళం మీద రెండు దెబ్బలు వేశాడు. పరమేశ్వర్ ఉరికొచ్చి నడుం పట్టి వెనక్కి లాగాడు. తాళం ఊడలేదు.

"సర్కారు సామాను గింత గట్టిగ ఎన్నడన్న ఉండెనా!" అని తిట్టుకుంటూ, భూమన్నను కాలర్ పట్టి తెస్తానని బయలుదేరాడు. గేటు దగ్గర పక్క ఊరి రైతులు బండ్లు దిగుతున్నారు. వాళ్ల మొహాల్లోనూ అదే కోపం.

భూమన్న చాయ్ దుకాణంలో లేడు. లింబయ్య అటు పోగానే వేరే దారిన వచ్చి, అతని మడి గట్టు మీదే స్తంభం పైన ఉన్నాడు. అతని ఫోన్ కింద బండికి తగిలించిన సంచిలో ఉంది. పక్కవాళ్ల చెరుకులో తెగిపడ్డ తీగను కూలీలంతా వరుసగా నిలబడి బయటికి లాగుతున్నారు. అందరికన్నా ముందు హన్మవ్వ ఉంది. మోకాలిలోతు బురదలో నిలబడి, తీగను రెండు చేతులకూ చుట్టుకుని లాగుతోంది.

లింబయ్య గట్టు మీద కూలబడ్డాడు. ఇందాక రాయి ఎత్తిన చేతిని చూసుకున్నాడు.

"ఏమైందయ్యా, గట్ల కూసున్నవ్? నాటు ఆగుతదని మేమే తీగె వట్టినం. జెర నువ్వు గుడ పట్టు!" అంది హన్మవ్వ.

ఆమె చెమట మొహం చూస్తే అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తాళం నిలిచింది, అంతే చాలు దేవుడా అనుకున్నాడు. అంతలో గేటు దగ్గరి రైతులు గుర్తుకొచ్చారు. లేచి బండెక్కాడు.

వెళ్లేసరికి వాళ్లు పరమేశ్వర్‌ను చుట్టుముట్టి ఉన్నారు. ఒకడి చేతిలో ఇనుప రాడ్ కూడా ఉంది. లింబయ్య వాళ్లను తోసుకుంటూ పోయి స్విచ్చుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"భూమన్న చావి వెట్టేదాంక ఎవడన్న దీని మీద చెయ్యేస్తె చెయ్యి ఇరుగుతది!"

పరమేశ్వర్ నోరు తెరిచి చూశాడు. మరి కాసేపటికి భూమన్న వచ్చి తాళం తీశాడు. కరెంటు వచ్చింది, రైతులు బండ్ల మీద ఉరికారు. భూమన్న తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి సొట్టలెట్ల పడ్డయ్?"

లింబయ్యే తల వంచుకుని చెప్పాడు.

"నేనే కొట్టిన. రెండు దెబ్బలకు గుడ ఊడలే. మేడంకు చెప్పు తమ్మీ, మల్ల కొన్నా గిసొంటిదే కొనుమని."