మెట్లబావి జంపఖానా

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి శ్రీలత జంపఖానాల కొట్లోకి వచ్చి, చెప్పులు మూలన విడిచి, అలవాటు ప్రకారం లక్ష్మీదేవి ఫొటోకు దండం పెట్టబోయి చేతులు సగంలోనే ఆపేసింది. ఫొటో ముందు పీట మీద ఒక జంపఖానా చుట్ట నిలబెట్టి ఉంది. దానికి కట్టిన తాడు ఎవరి చేతిదో ఆమెకు చూడగానే తెలిసిపోయింది. నేతగాళ్ల పేట కొత్తవాడ మొత్తంలో అలా మూడు మెలికలు వేసి ముడి కట్టేది కట్టయ్య ఒక్కడే.

కట్టయ్య ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద ఈ కొట్టు యజమాని పాండురంగం సేటు పని నడుస్తుంది. ఊరికే పడి ఉండే రెండోదాని మీద, వినాయక చవితి దాటినప్పటి నుంచి, శ్రీలత ఇచ్చిన గళ్ల కాయితం చూసి ఒక జంపఖానా నేస్తున్నాడు. సేటు మగ్గం మీది పని మొన్ననే గోదాముకు చేరింది. కనుక ఈ చుట్టలో ఉన్నది ఏమిటో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

శ్రీలత ఈ కొట్లో చేరి పదకొండేళ్లు. ఆన్‌లైన్‌లో వచ్చే ఆర్డర్లు రాసుకుని, డిజైన్లు గళ్ల కాయితం మీద గీసి, నేతగాళ్లకు ఇచ్చి రావడం ఆమె పని. భర్తకు నడుం పట్టేసి రెండేళ్లయింది. కూతురు కావ్య హసన్‌పర్తిలో కాలేజీకి పోతోంది. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది శ్రీలత జీతం మీదే. పదకొండేళ్లుగా ఇతరుల డిజైన్లు గీసి గీసి, ఈ వేసవిలో ఒకనాడు తన సొంతానికి ఒకటి గీసుకుంది. శివనగర్‌లోని మెట్లబావిని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. చుట్టూ ఎర్ర మెట్లు, ఒకదాని లోపల ఒకటి దిగుతూ దిగుతూ, నట్టనడుమ నీలం నీళ్లు. కొట్లో ప్యాకింగ్, కొరియర్ చూసుకునే సాయితేజకు చూపిస్తే అతను చాలాసేపు కళ్లు తిప్పుకోలేదు. "అక్కా, ఇది సేటుకియ్యకు. మనమే నేయించి అమ్ముదాం," అన్నాడు. ఆ ఒక్క మాటతో మొదలైంది. ఒకటి ఆరైంది. ఆరు కాయితాలూ శ్రీలత ఇంట్లో బియ్యం డబ్బా అడుగున దాగాయి. వాటి సంగతి, చోటు తెలిసింది ఆమెకు, సాయితేజకు, ఇద్దరికే. కట్టయ్యకు ఇచ్చింది అందులో ఒక్కటి.

జాగ్రత్తకు మాత్రం లోటు చేయలేదు. కొట్టు నూలు ముట్టలేదు. సాయితేజ సొంతంగా బయట కొన్నాడు. కొట్టు ఫోన్లో ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఇంత చేసినవాళ్లు అసలు చేయవలసిన పని ఒకటి మరిచారు. మరవడం కూడా కాదు, భయపడి దాటవేశారు. ఇది సేటు పని కాదని కట్టయ్యకు చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతాడు, అడిగితే అంతా విప్పాలి, విన్నాక నలభై ఏళ్లుగా సేటు నూలు నేసిన ముసలాయన ఏమంటాడో తెలియదు. "కొత్త డిజైన్ పెద్దబాపూ," అని మాత్రం అని, కాయితం చేతిలో పెట్టి వచ్చింది. పదకొండేళ్లుగా ఆమె తెచ్చిన ప్రతి కాయితమూ సేటుదే అయినప్పుడు ఇది మాత్రం ఇంకెవరిదని అనుకుంటాడు?

ఇక ఆ కొట్టు ఆచారం ఒకటుంది. కొత్త డిజైన్‌లో మొదటి జంపఖానా మగ్గం దిగితే, దాన్ని నేతగాడే శుక్రవారం పొద్దున తెచ్చి లక్ష్మీదేవి ముందు పెట్టాలి. సాయంత్రం దీపం వేళకు సేటు తన చేత్తో తాడు విప్పి, జంపఖానా కొంగుకు బొట్టు పెట్టి, నేతగాడికి కొత్త తువ్వాల కప్పుతాడు. అప్పటిదాకా చుట్టను ఎవరూ ముట్టరు. సేటు తండ్రి నాటి నుంచి నడుస్తున్న పద్ధతి. కట్టయ్య పద్ధతి తప్పే మనిషి కాడు.

అతను బయట అరుగు మీద ఉతికిన ధోతి కట్టుకుని కూర్చుని చాయ్ తాగుతున్నాడు. శ్రీలత వెళ్లి పక్కన నిలబడింది.

"ఎప్పుడు తెచ్చినవ్ పెద్దబాపూ?"

"ఏడింటికే అచ్చిన బిడ్డా. సేటే తలుపు తీసిండు. ఏం డిజైనే అన్నడు. సాయంత్రం నువ్వే చూస్తవ్ గదా అన్న." బోసినోటితో నవ్వాడు. "నీకు చెప్తె ఇంకో వారం ఆగుమంటవని చెప్పలే. ఎర్ర నూలు జాలలే బిడ్డా. అంచుకు సేటుది తీసి కలిపిన. ఎట్లయినా అంత ఒకటే గదా."

ఒకటే కాదు పెద్దబాపూ, అనుకుంది. ఇప్పటిదాకా అది దొంగచాటు పని మాత్రమే. ఇప్పుడు దాని అంచు నిండా సేటు నూలు ఉంది. అంటే అది దొంగతనం. ఏ పాపం ఎరుగని ఈ ముసలాయన పేరు మీద దొంగతనం.

పాండురంగం సేటు అరిచే రకం కాడు. అరిస్తే బాగుండేది. ఆరేళ్ల కింద రాజమల్లు అనే అతను ఇదే కొట్లో పని చేస్తూ చాటుగా హనుమకొండలో సొంత కొట్టుకు గది చూసుకున్నాడు. సేటుకు తెలిసిన రోజున ఒక్క మాట అనలేదు, చాయ్ కూడా తాగించాడు. మర్నాటి నుంచి కొత్తవాడలో ఒక్క మగ్గం రాజమల్లుకు పని చేయలేదు. తర్వాత కొలువు కోసం బజారంతా తిరిగితే ఒక్క కొట్టువాడు రమ్మనలేదు. ఇప్పుడు రాజమల్లు హసన్‌పర్తి రోడ్డు మీద ఆటో నడుపుతున్నాడు. శ్రీలత ఒకసారి తెలియక ఆ ఆటోనే ఎక్కింది. దిగేటప్పుడు అతను, "సేటు మంచిగున్నడా?" అని అడిగాడు. ఆ అడిగిన తీరు ఆమెకు నెలల తరబడి చెవుల్లో మోగింది.

గోదాములో సాయితేజకు విషయం చెప్పగానే అతను "ఇప్పుడెట్లక్కా?" అని మూడుసార్లు అన్నాడు. నాలుగోసారి అనేలోపే సేటు గొంతు వినిపించింది. "సాయితేజా, కారు తియ్యి. హనుమకొండ పోయొద్దాం, పార్సిల్ ఆఫీసుల పనున్నది."

సాయితేజ వెళ్తూ వెళ్తూ ఆమె వైపు చూశాడు. మేకను కట్టు విప్పి తోలుకుపోతుంటే అది వెనక్కి చూసినట్టే ఉంది. శ్రీలతకు ఆ చూపు నచ్చలేదు.

కొట్టు ఖాళీ అయింది. పదకొండున్నర. కట్టయ్య అరుగు మీదే కునుకు తీస్తున్నాడు. శ్రీలత కంప్యూటర్ ముందు కూర్చుని ఒకే ఆర్డర్‌ను నాలుగుసార్లు చదివింది. ఏం చేయాలి? గోదాములో పాత చుట్టలు బోలెడున్నాయి. ఒకటి తెచ్చి ఇదే తాడుతో కట్టి పెడితే? సాయంత్రం విప్పితే పాత డిజైన్ బయటపడుతుంది, ముసలాయనకు మతి తప్పిందనుకుంటారు. మతి తప్పిందనుకున్నా ఫరవాలేదు, దొంగ అనుకోకుంటే చాలు. ఆ ఆలోచన వెనకాలే ఇంకొకటి వచ్చింది. అంతా సాయితేజ చేయించాడని చెప్పేస్తే? డిజైన్ కూడా అతనే ఎక్కడినుంచో తెచ్చాడని? ఆ ఊహ రావడమే ఆమెకు సిగ్గుగా అనిపించింది. కాని దాన్ని వెంటనే తరిమేయలేదు. అటూ ఇటూ తిప్పి చూసింది. దుకాణంలో చీర చూసినట్టు మడత విప్పి మరీ చూసింది.

చివరికి లేచి గోదాములోంచి అదే పొడుగున్న పాత చుట్ట ఒకటి తెచ్చి గుమ్మం పక్కన ఆనించింది. లక్ష్మీదేవి ముందుకు వచ్చి వంగింది. వేళ్లు తాడు ముడి మీద పడ్డాయో లేదో, ఆమె ఫోన్ మోగింది. సేటు.

"శ్రీలతా."

"ఆఁ సేటూ."

"దేవుని కాడ ఏం చేస్తానవ్?"

ఆమె తలెత్తి చూస్తే ఫొటోకు పైన, గోడ మూలకు, నల్లటి కెమెరా గుడ్డు. రోజూ దాని కిందే తిరిగినా దాని సంగతే మరిచింది. హనుమకొండలో కూర్చుని సేటు తన ఫోన్లో ఆమె వంగిన నడుమును చూస్తున్నాడు.

"దీపం కొండెక్కేటట్టున్నది సేటూ. ఒత్తి ఎగదోస్తాన."

"మంచిది బిడ్డా. నూనె జర పొయ్యి." వెనకాల ఎవరో దగ్గారు, సాయితేజ దగ్గు. "చుట్టను మాత్రం ముట్టకు. బాపు నాటి పద్ధతి."

ఆ తర్వాత ఆమె అన్నం డబ్బా మూత తీయలేదు. పాత చుట్టను తీసుకుపోయి దాని చోట పెట్టేసింది. పారిపోదామా అనుకుంది. ఎక్కడికి? కొత్తవాడలో మూడు వీధులు దాటితే ఆమె ఇల్లు, సేటుకు ఆ ఇంటి గడప దాకా తెలుసు. మొగుడికి నడుం పట్టినప్పుడు దవాఖానకు తన కారులో పంపింది ఆ మనిషే. అది గుర్తొస్తే భయానికి తోడు ఇంకేదో కూడా గుచ్చుకుంది.

నాలుగింటికి కారు తిరిగి వచ్చింది. సాయితేజ దిగి నేరుగా గోదాములోకి పోయాడు. ఆమె వెనకే వెళ్లింది.

"ఏమన్న అడిగిండా?"

"ఏం లేదక్కా." అతను అట్టపెట్టెకు టేపు అంటిస్తున్నాడు. అంటించిన చోటే మళ్లీ అంటిస్తున్నాడు. "పార్సిల్ పని జూస్కొని అచ్చినం. బిర్యానీ తినిపిచ్చిండు."

"నువ్వు ఫికర్ జెయ్యకు. ఏమన్న అయితే నేను చూస్కుంట," అంది. అన్నాక ఆమెకే ఆశ్చర్యమైంది. ఆ మాట నిజమో కాదో తనకు తెలియదు. సాయితేజ మాత్రం తలెత్తలేదు. పాపం భయపడుతున్నాడనుకుంది.

ఆరింటికి సేటు కాళ్లు కడుక్కుని వచ్చి దీపం పెద్దది చేశాడు. అగరొత్తి వెలిగించాడు. కట్టయ్య చేతులు కట్టుకుని ముందుకు వచ్చాడు. ముఖం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. శ్రీలత గోడకు ఆనుకుంది. సేటు మూడు మెలికల ముడిని మెల్లగా విప్పాడు. చుట్టను నేల మీద దొర్లించాడు.

ఎర్ర మెట్లు ఒకదాని లోపల ఒకటి దిగుతూ వచ్చాయి. నడుమ నీలం నీళ్లు. ఇంత భయంలోనూ శ్రీలతకు ఒక్క క్షణం సంతోషం పొంగింది. కాయితం మీద కన్నా వందరెట్లు బాగుంది.

సేటు చాలాసేపు చూశాడు. "ఇది నేను చెప్పలేదే," అన్నాడు.

కట్టయ్య నవ్వు ఆగింది. "బిడ్డే ఇచ్చింది గద సేటూ కాయితం?"

అందరూ ఆమె వైపు తిరిగారు. సేటు కోపంగా లేడు. రాజమల్లుకు చాయ్ తాగించిన నాటి ముఖం ఇలాగే ఉండి ఉంటుంది. ఆమెకు రాజమల్లు ఆటో కనిపించింది, కట్టయ్య ఉతికిన ధోతి కనిపించింది, ఎర్ర అంచు కనిపించింది. నోరు తనంతట తనే తెరుచుకుంది.

"మీకు చూపిద్దామనే చేయించిన సేటూ. ముందే చెప్తె సంబురం ఉండదని చెప్పలే. డిజైన్ నేనే గీసిన. మన కొట్టుకే."

మన కొట్టుకే. ఆ మాటతో మెట్లబావి ఆమె చేతుల్లోంచి జారిపోయింది. జారిపోయిందని తెలిసే అంది.

సేటు తల ఊపాడు. వంగి ఎర్ర అంచును రెండు వేళ్లతో రాసి చూశాడు. "మన నూలే," అన్నాడు. కుంకుమ అద్ది కొంగుకు బొట్టు పెట్టాడు. కట్టయ్య భుజాన కొత్త తువ్వాల కప్పాడు. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. శ్రీలతకు గండం గడిచింది. కొలువు నిలిచింది, ముసలాయన మగ్గం నిలిచింది, సాయితేజ పేరు బయటికి రాలేదు. పోయింది ఒక్క డిజైనే. పోతే పోనీ, ఇంకా అయిదు బియ్యం డబ్బాలో ఉన్నాయి అనుకుంది.

"మంచి చెయ్యి నీది బిడ్డా," అన్నాడు సేటు తుండుతో చేతులు తుడుచుకుంటూ. "మిగతా అయిదు గూడ సోమవారం పట్టుకరా. బియ్యం డబ్బాల పురుగు కొడితే ఖరాబయితయ్."

ఆమెకు మొదట ఆ మాట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అయిదు. బియ్యం డబ్బా. కట్టయ్యకు ఒక్కటే తెలుసు. మొగుడికి, కూతురికి అసలే తెలియదు. ఈ లోకంలో ఆ లెక్క, ఆ చోటు తెలిసిన మనుషులు ఇద్దరు. అందులో తనొకతె.

"ఒక ఫొటో దియ్యి, ఆన్‌లైన్ల పెడదాం," అన్నాడు సేటు. "సాయితేజా, అటు కొస పట్టుకో."

సాయితేజ వచ్చి జంపఖానా కొస పట్టుకున్నాడు. శ్రీలత ఫోన్ ఎత్తింది. తెరలో అతని వంచిన తల కనిపించింది. తిట్టాలనుకుంది, గట్టిగా ఏదో అనాలనుకుంది. కాని పదకొండున్నరకు కంప్యూటర్ ముందు కూర్చుని తను మడత విప్పి చూసిన ఆ ఆలోచన గుర్తొచ్చింది. కారులో సేటు పక్కన కూర్చున్నది తనే అయితే హనుమకొండ చేరేదాకా కూడా చెప్పకుండా ఆగేది కాదేమో.

"జర పైకి లేపు, మడత పడతాంది," అంది అతనితో. ఫొటో తీసింది. తర్వాత సేటు వైపు తిరిగి, "సోమవారం తెస్త సేటూ," అంది.