నార్మలక్క

కోసిన యాపిల్ ముక్కలు నల్లబడకుండా నిమ్మరసం పిండి, అత్తగారి మంచం పక్కన పెట్టి, ఆమె ల్యాబ్‌కి పరుగెత్తింది. అత్తగారికి క్యాన్సర్ చికిత్స మొదలై ఏడాది. "నీకేం, గుండ్రాయిలా ఉన్నావు, ఇల్లూ ఉద్యోగమూ రెండూ లాక్కొస్తావు," అని అప్పట్లో భర్త అంటే మెచ్చుకోలు అనుకుంది, పిచ్చిది.

ల్యాబ్‌లో ఆమెని అందరూ నార్మలక్క అంటారు. రోగుల రక్తంతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలి కదా, పనిచేసేవాళ్లే తలా ఒక ట్యూబు ఇచ్చుకుంటారు. కోసిన యాపిల్ నల్లబడ్డట్టు ఒంట్లో పట్టే తుప్పెంత, దాన్ని ఆపే కాపలా ఎంత అని కొలిచే పరీక్ష అది. ఇరవై రెండేళ్ల కిందట, పెళ్లికి ముందు, సూదికి భయపడి మూడు అరటిపళ్లు తిని మరీ చెయ్యి చాపింది. ఎంత నవ్వుకున్నారో! "బంగారం లాంటి రక్తం అమ్మాయీ, ఇక మాకు నువ్వే కొలబద్ద," అంది ల్యాబ్ నడిపే డాక్టరమ్మ. ఆ సాయంత్రం కూనిరాగం తీసుకుంటూ, ఎవరికీ టీ పెట్టక్కర్లేని తన అద్దెగదికి నడిచి వెళ్లిన ఆ పిల్లంటే ఆమెకి ఇప్పటికీ ముద్దే. ఎక్కడ జారవిడుచుకుందో గానీ.

ఈసారి వరుసలో అత్తగారి ట్యూబూ ఉంది. ఆవిడ అంకె నార్మల్‌కి దగ్గరగా వచ్చింది. తనది రోగుల్లో కలిసిపోయింది. లేబుళ్లు తారుమారు చేశానని ఆమె లెంపలేసుకుంది. తప్పు తనదే అనుకోవడం ఇంట్లో బాగా అలవాటైన పని. "నువ్వు సరిగ్గా చూసుకోకపోబట్టే అమ్మ నీరసపడింది," అని మొన్ననే కదా భర్త అన్నాడు. మళ్లీ రక్తం తీయించుకుని, పేరు తనే రాసి, మళ్లీ చేసింది. అదే అంకె.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"తారుమారేం లేదమ్మాయీ. జబ్బుందని కాదు, దానికి వేరే పరీక్షలు చేయించుకోవాలి. ఏళ్ల తరబడి నలిగినా ఒళ్లు ఇలాగే తుప్పు పడుతుంది. ఎన్ని గంటలు పడుకుంటున్నావు?"

"నాలుగు."

"ఎన్నాళ్లుగా?"

ఆమెకి గుర్తు రాలేదు.

"నిన్ను నార్మల్ లోంచి తీసేస్తున్నానే," అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చేసరికి భర్త టీవీ ముందు ఉన్నాడు. "అమ్మ రిపోర్టు ఎలా ఉంది?"

"అత్తయ్యది బాగుంది. నాదే బాలేదు. రేపు పరీక్షలకి వెళ్తున్నాను."

"నీకేమైందిప్పుడు? గుండ్రాయిలా ఉన్నావుగా!"

ఆమె ఆయన ఫోన్ అందుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం పెట్టి, మళ్లీ ఆయన చేతిలోనే ఉంచింది.

"అత్తయ్య మందుల వేళ. యాపిల్ మీరే కొయ్యండి, నిమ్మరసం మర్చిపోకండి," అని పక్కగదిలోకి వెళ్లి పడుకుంది.